మేనత్త పంపిన పెన్నేరు గడ్డ

సిరిసిల్ల,
28 జనవరి 2024

తమ్ముడు సాయిలును అక్క బాలమణి దీవించి రాసేది.

నిన్న మరదలు యమున ఫోను నీ చేతికిచ్చింది. 'ఆఁ ఆఁ, బాగున్న' అని మూడుసార్లు అని పెట్టేశావు. నేను నీ బాగోగులు అడగలేదురా, మన పాత ఇంటి పెంకులు గాలికి లేచిపోయాయని చెప్పాను! ముప్పై అయిదేళ్లు బట్ట నేసే సాంచాల మోతలో నిలబడి చెవులు రెండూ ఆ కార్ఖానాకే ఇచ్చేశావు. అందుకే మళ్లీ ఉత్తరాలకు దిగాను. పోస్టాఫీసులో ఉన్న పిల్ల నవ్వింది. "ఇప్పుడెవలు రాస్తున్నరమ్మా ఉత్తరాలు?" అన్నది. "చెవిటి తమ్ముడుంటె తెలుస్తది బిడ్డా" అన్నాను.

నా రాత చూసి నువ్వూ నవ్వకు. నోటి మాట ఎట్లా ఉన్నా, కలం పట్టుకుంటే రామచంద్రం పంతులు బెత్తమే కళ్ల ముందుకొస్తుంది. 'వచ్చిన' అని రాస్తే చేతుల మీద కొట్టి 'వచ్చాను' అని రాయించేవాడు గదా. చదివింది అయిదో తరగతే అయినా ఆ భయం యాభై ఏళ్ల నుంచి పోలేదు.

సరే, అసలు సంగతి. నువ్వు సన్నబడ్డావట. కంటికి నిద్ర లేదట. సాంచా దగ్గర పోగు అతికేటప్పుడు చేతులు వణుకుతున్నాయట. యమున చెప్పి ఏడ్చింది. అందుకే వాగు పక్క బీడుకు పోయి పెన్నేరు గడ్డ తవ్వాను. బజారులో డబ్బాల మీద అశ్వగంధ అని అమ్మేది ఇదే, కానీ అమ్మ చేసినట్టు ఎవడు చేస్తాడు? వేళ్లు కడిగి, వేలెడు ముక్కలు కోసి, ఆవుపాలలో ఉడికించి నీడన ఆరబెట్టాను. మళ్లీ ఉడికించి మళ్లీ ఆరబెట్టాను. అట్లా మూడుసార్లు. తర్వాత రోట్లో దంచి అమ్మ పాత చీర కొంగులో జల్లించాను. నా భుజాలు పడిపోయాయనుకో. సోలాపూర్ బస్సు డ్రైవరు చేతికి డబ్బా ఇస్తున్నాను, తెచ్చుకో.

పొద్దున పాలలో ఒక చెంచా, మాపటికి ఒక చెంచా. గుర్రం వాసన వస్తుంది, చిన్నప్పటిలాగా ముక్కు మూసుకుని పారబోయకు. నరాలకు బలం, కంటికి నిద్ర. అమ్మ చేతి మందు ఇది, పడకపోవడమనేది ఉండదు.

ప్రణాలికి పెళ్లయి నాలుగేళ్లాయె. నీ బిడ్డ గురించి అడగాలంటే నాకే భయం. నా కడుపు మూడుసార్లు పండి మూడుసార్లు ఒట్టిదైంది. అమ్మ నన్ను ఎంత కాపాడుకుందో ఆ మూడుసార్లూ! అయినా నా రాత. దానికి ఆ రాత రావద్దని ఎల్లమ్మకు మొక్కుకున్నాను.

డబ్బా అందగానే రాయి. రాయకపోతే నేనే బస్సెక్కి వస్తాను, అప్పుడు చెవులు వినబడకపోయినా నా తిట్లు మాత్రం వినబడతాయి.

నీ అక్క
బాలమణి

*

దాజీ పేట్, సోలాపూర్,
20 మార్చి 2024

అక్కకు తమ్ముడు సాయిలు కాళ్లు మొక్కి రాసేది.

ఆలస్యమైంది, తిట్టకు. నాకు కామెర్లు వచ్చాయి. ముందు భయపడకు, ఇప్పుడు బాగున్నాను, అందుకే నా చేత్తో నేనే రాస్తున్నాను.

కార్ఖానాలో మా మాటలు నీకు తెలుసు గదా, మోతలో నోరు వినబడదు, అన్నీ సైగలే. ఒకరోజు పక్క సాంచా నడిపే పెంటప్ప నా వైపు చూసి బుట్టలోంచి పసుపు నూలు కండె ఒకటి తీసి, దాన్ని తన కంటి దగ్గర పెట్టుకున్నాడు. 'ఏంది, ఎగతాళా?' అని చెయ్యి ఊపాను. వాడు సాంచా ఆపి నన్ను బయటికి గుంజుకుపోయి బండి అద్దంలో నా కళ్లు నాకే చూపించాడు. అచ్చం ఆ కండె రంగే. పెద్ద దవాఖానాలో పద్దెనిమిది రోజులున్నాను. యమున బీడీలు చుట్టడం మానేసి నా పక్కనే కూర్చుంది.

డాక్టరు ఏవేవో చెప్పాడు. చెవిటోనికి చెప్పింది గోడకు చెప్పినట్టే, ఆ మాటలతో నీకేం పని? నీ గడ్డతోనే లేచాను అక్కా. ఇది రాసి పెట్టుకో. నీ గడ్డతోనే లేచాను. వాగు పక్క ఎండలో నువ్వు వంగి తవ్వినదంతా నా కళ్ల ముందే ఉంది. ఇక పంపకు, డబ్బాలో ఇంకా సగం ఉంది, నీ భుజాలు చూసుకో.

ఇంకొక మాట. ప్రణాలికి మూడో నెల. విడీ ఘర్కుల్ కాలనీ నుంచి వాళ్ల అత్త రాజమ్మ పెడా పొట్లం పట్టుకుని వచ్చింది. నాకు వినబడదని పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించింది. నేను పడుకున్న మంచం మీదనే లేచి కూర్చున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నారు, మేనత్తవు కాబట్టి నీకొక్కదానికే రాస్తున్నాను.

నీ తమ్ముడు
సాయిలు

*

సిరిసిల్ల,
2 ఏప్రిల్ 2024

తమ్ముడికి అక్క దీవెనలు, పుట్టబోయేవాళ్లకు ఇంకా ఎక్కువ.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో ఆ కాగితాన్నే అడుగు. మడతల దగ్గర చిరిగిపోయింది. కామెర్లని చదివినప్పుడు గుండె ఆగింది. గడ్డతోనే లేచానని చదివినప్పుడు మళ్లీ కొట్టుకుంది. పక్కింటి నర్సవ్వ "డబ్బా మందులు లివరుకు మంచిగ కావట, టీవీల చెప్పిండ్రు" అని నెల నుంచి నా చెవి కొరుకుతోంది. నీ ఉత్తరం ఆమె ముందర గట్టిగా చదివాను. ఆమె లేచి ఇంటికి పోయింది.

ఇంకొక పని చేశాను. నువ్వు వద్దంటావని ముందు చెప్పలేదు. నీ ఉత్తరం అందిన మర్నాడే బీడుకు పోయి ముదిరిన గడ్డంతా తవ్వాను. ఈసారి నాలుగుసార్లు పాలలో ఉడికించాను. ప్రణాలి పేరు మీద విడీ ఘర్కుల్‌కే నేరుగా పంపాను, శుక్రవారం అందిందట. తొలిచూలు పిల్లకు మేనత్త తరఫున ఏదో ఒకటి పోవాలి గదా. పట్టుచీర పెట్టే స్తోమత నాకు లేదు. చేతుల్లో ఉన్నది ఇదే.

ఆ పిల్ల మరాఠీ బడిలో చదివింది, మందులంటే అనుమానం ఎక్కువ. అందుకని డబ్బాలో నీ ఉత్తరం కూడా పెట్టాను, రాజమ్మ చదివి వినిపిస్తుందని. "మీ నాయిన దీనితోనే లేచిండు, ఆయన రాతనే చూడు" అని పైన నేనొక ముక్క రాశాను. తండ్రి మాట కన్నా సాక్ష్యం ఏముంది?

నేను మూడింటిని నిలబెట్టుకోలేకపోయాను తమ్ముడూ. దానిది ఒక్కటి నిలబడితే నావి మూడూ వచ్చినట్టే.

నీ అక్క
బాలమణి

*

దాజీ పేట్,
18 ఏప్రిల్ 2024

అక్కకు సాయిలు మొక్కులు.

నీ ఉత్తరం అందిన రోజే విడీ ఘర్కుల్ పోయి వచ్చాను. ప్రణాలి బాగుంది. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూడగానే చాట పక్కన పెట్టి నవ్వింది. డబ్బా గూట్లో దేవుడి పక్కన ఉంది.

అక్కా, ఇక దానికి ఏమీ పంపకు. ఇక్కడి డాక్టరు గోలీలు ఇస్తున్నాడు, వాటితో ఇవి కలపకూడదంటారు. వేడి చేస్తుందని కూడా అంటారు. ఎండాకాలం వేరే. నువ్వు బీడు వెంట తిరగొద్దు. పాముల రోజులు.

యమున అడిగానని చెప్పమంది. నేను మళ్లీ పనికి పోతున్నాను, రెండు సాంచాలు మాత్రమే చూసుకుంటున్నాను. ఎక్కువ రాయలేను, కళ్లు గుంజుతున్నాయి.

సాయిలు

*

సిరిసిల్ల,
3 మే 2024

సాయిలుకు,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది? బ్యాంకు వాళ్లు పంపే నోటీసు ఇంతకన్నా మెత్తగా ఉంటుంది.

వేడి చేస్తుందా? ఎండాకాలమా? పాములా? నీకు పనికొచ్చినప్పుడు పాములు లేవా? నన్ను ఇంత తెలివితక్కువ దాన్ని అనుకున్నావా? నాకు అర్థమైంది. రాజమ్మ అని ఉంటుంది. మొగుడు పోయినది, పిల్లలు నిలవనిది, దాని చేతి వస్తువు కడుపుతో ఉన్న పిల్ల నోట్లోకి పోవద్దని అని ఉంటుంది. అననీ. ఊళ్లో వాళ్లందరూ అన్నదే. పేరంటాలకు పోతే నన్ను చూసి పిల్లల్ని పక్కకు జరుపుకునేవాళ్లు. కానీ నువ్వు ఆ మాట విని, నాకు మోసుకొచ్చి, దాని మీద ఎండలూ పాములూ కప్పి రాస్తావని అనుకోలేదు. నిన్ను ఈ చంకన వేసుకుని తిప్పానురా నేను.

ప్రణాలికి నా మీద అట్లాంటిది లేదు. నిన్న తనే ఫోను చేసింది. "అత్తా, నాయిన అచ్చి తగ్గించుమన్నడు, ఒక్క చెంచనే తింటున్న. మంచిగ నిద్ర పడుతుంది. అయిపోవచ్చింది" అన్నది. ఆ మాటకు నా కడుపు నిండింది. మిగిలిన పొడి అంతా ఈరోజే బస్సుకు వేశాను. వద్దనుకుంటే నువ్వే పోయి మోరీలో పారబోసి రా. నా తోడబుట్టినవాడు పారబోశాడని తెలిస్తే నాకూ ఒక లెక్క తెలిసిపోతుంది.

బాలమణి

*

దాజీ పేట్,
20 జూన్ 2024

అక్కా,

ఈ ఉత్తరం నలుగురిలో విప్పవద్దు. తలుపు పెట్టుకుని కూర్చుని చదువు.

ప్రణాలి కడుపు పోయింది. తొమ్మిదో తారీఖు పొద్దున. అయిదు నెలలు నిండి ఆరో నెల. ఆడపిల్ల. నా అరచెయ్యి కన్నా కొంచెం పెద్దగా ఉంది. నర్సు గుడ్డలో చుట్టి ఇస్తే నేనే పట్టుకున్నాను. టవలు ముక్క అంత బరువు కూడా లేదు.

ప్రణాలి ప్రాణానికి భయం లేదు. కానీ ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది, ఇప్పటిదాకా ఇటు తిరగలేదు.

రాజమ్మ నిన్ను ఏమీ అనలేదక్కా. ఒట్టు. ఆమె నీ డబ్బాను దేవుడి పక్కన పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. అన్నదంతా నేను, అబద్ధం అన్నాను.

నేను నీ గడ్డతో లేవలేదు. నీ గడ్డతోనే పడ్డాను. దవాఖానాలో చేర్చిన రోజు డాక్టరు మూతికి గుడ్డ కట్టుకుని ఏదో అడిగాడు. మేం సాంచాల వాళ్లం పెదవులు చూసి మాటలు తెలుసుకుంటాం, పెదవులే కనబడకపోతే ఏం తెలుస్తుంది? చెవిటివాణ్ణని చెప్పుకోవడానికి సిగ్గుపడి 'లేదు, లేదు' అని తల ఊపాను. వేరే మందులేమైనా తింటున్నావా అని ఆయన అడిగాడట. యమున అప్పుడు బయట చిట్టీ రాయిస్తోంది. తర్వాత ఎనిమిది రోజులు దవాఖానా మంచం మీద కూడా, నీ మీద నమ్మకంతో, యమున నాకు పాలలో గడ్డ కలిపి తాపింది. కామెర్లు పెరిగాయే గాని తగ్గలేదు. తొమ్మిదో రోజు నర్సు దిండు పక్కన డబ్బా చూసింది. అది ఆపిన తర్వాతే తగ్గడం మొదలైంది. చాలామంది తింటారట, ఏమీ కాదట, కొందరి కాలేయానికి మాత్రం పడదట. నాకు వినబడదని ఆ నర్సు కాగితం మీద మరాఠీలో రాసి ఇచ్చింది. 'మళ్లీ ముట్టవద్దు. ఇంట్లో ఎవరూ డాక్టరును అడగకుండా తినవద్దు. కడుపుతో ఉన్నవాళ్లు అసలే వద్దు.'

ఆ కాగితం మార్కండేయ స్వామి పటం వెనుక పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని అక్కడ పెట్టిన చేత్తోనే నీకు 'నీ గడ్డతోనే లేచాను' అని రాశాను. నీ చేతి మందు నన్ను చంపబోయిందని నీకెట్లా రాయను? నీకు పిల్లలు లేరు, అమ్మ లేదు, బావ లేడు. ఆ గడ్డ తవ్వి నాకు పంపడమే నీకు మిగిలింది. అది కూడా గుంజుకోలేకపోయాను. యమునకు కూడా ఒట్టు పెట్టించాను.

ఏప్రిల్‌లో విడీ ఘర్కుల్ పోయింది డబ్బా తేవడానికే. "ఇది తినకు బిడ్డా" అన్నాను. అది నీ డబ్బాలోంచి నా ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. "మరి గిదేంది నాయినా? నువ్వే రాసినవు గద లేచిన అని?" అని నాకు అర్థమయ్యేటట్టు మెల్లగా పెదవులు కదిపి అడిగింది. రాజమ్మ పక్కనే ఉంది. నిజం చెబితే మాట సిరిసిల్ల దాకా పోతుందని భయపడ్డాను. "వేడి చేస్తది, తగ్గించు" అన్నాను. అంతే అన్నాను అక్కా. నా బిడ్డ నా మాట విని తగ్గించింది, నా రాత నమ్మి మానలేదు. మేలో నువ్వు కోపంతో రాసిన తర్వాత కూడా పోలేదు. పోయి పారబోస్తే నువ్వు ఇక నా ముఖం చూడవనుకున్నాను.

ఇక్కడి డాక్టరమ్మ డబ్బా చూసింది. "దీనివల్లే అని నేను చెప్పలేను. పొద్దంతా తంబాకు దుమ్ములో కూర్చునే పిల్ల, ఒంట్లో రక్తం తక్కువ. ఏదైనా కావచ్చు. కానీ ఇది తినకూడదని మీ ఇంట్లో ఒక్కరికైనా తెలియదా?" అని మరాఠీలో అడిగింది. ఆమె మూతికి గుడ్డ లేదు. ప్రతి మాటా కనబడింది. తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

ప్రణాలి తన ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుంటోంది. యమునతో "అత్త రాతనే నాకు అచ్చింది" అన్నదట. దానికి నేనింకా ఏమీ చెప్పలేదు. ముందు నీకు రాస్తున్నాను. నీది తప్పు కాదు. నువ్వు ప్రేమగా పంపావు, నేను తెలిసి ఊరుకున్నాను. తిట్టు, కానీ రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

సాయిలు

*

సిరిసిల్ల,
5 జులై 2024

తమ్మీ,

ఈ ఒక్క ఉత్తరం పంతులుకు భయపడకుంట రాస్తున్న. కొడితే కొట్టనీ.

నీ నోట్లె మన్ను వడ. నేను ఏడుస్తనని అబద్ధం ఆడినవా? ఏడుద్దునురా, రెండు రోజులు ఏడ్సి లేద్దును. అక్కను పచ్చికుండ అనుకున్నవా, ముట్టుకుంటె పలుగుతదని? నీ ఉత్తరం సదివి నాలుగు దినాలు పొయ్యి ముట్టియ్యలె. నర్సవ్వ వచ్చి తలుపు కొట్టింది. తియ్యలె.

అయిదో దినం బీడుకు పోయిన. గడ్డపార పట్టుకోని పోయిన, ఉన్న చెట్లన్ని పీకి కాలవెడ్దామని. నాలుగు పీకిన. తర్వాత అక్కడనే కూలవడ్డ. చెట్టు ఏం జేసింది తమ్మీ? నీకు పడలె, ఎవలకో పడుతది. అడగకుంట ఇచ్చింది నేను, తెలిసి చెప్పనిది నువ్వు. దాని పాటికి దాన్ని ఉండనిచ్చి వచ్చిన.

అక్కడ కూసున్నప్పుడే నాకు యాదికచ్చింది. యాదికచ్చుడు గాదు, ఎప్పుడు యాదిల ఉన్నదే, కని గట్ల ఎన్నడు చూడలె. నాకు నెల తప్పంగనే అమ్మ గా బీడుకే పోయేది. బలం గావాలె బిడ్డా అని పొద్దుగాల పాలల్ల, మాపటికి పాలల్ల, తన చేతితోని కలిపి, నేను తాగేదాక గిలాస పట్టుకోని నిలవడేది. మొదటిసారి పోయింది. రెండోసారి ఇంక జర ఎక్కువ కలిపింది. పోయింది. మూడోసారి, ఈసారన్న నిలవాలె అని, తను పస్తులుండి పాలు కొని, మూడు పూటలు తాపింది. అదీ పోయింది.

డాక్టరమ్మ దీనితోనే అని చెప్పలేనన్నది గద. నేను గూడ చెప్పలేను. ఎవలు చెప్పలేరు. కని నలభై ఏండ్ల సంది నా కడుపును నేనే తిట్టుకున్న తమ్మీ. గొడ్డుది అని ఎవలన్న అంటె అమ్మ వాకిట్లకు ఉరికి కొట్లాడేది, నేను మాత్రం లోపల కూసోని వాళ్లన్నది నిజమే అనుకునేదాన్ని.

అందుకే చెప్తున్న, విను. ఇయ్యాలనే విడీ ఘర్కుల్ పో. ప్రణాలి ముందర కూసోని, అది గోడ దిక్కు తిరిగి ఉన్నా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పు. పటం ఎనుక కాగితం తీసి దాని చేతిల వెట్టు. నేను పంపింది చెప్పు, నువ్వు దాసింది చెప్పు, డాక్టరమ్మ ఏదైనా కావచ్చు అన్నది గూడ చెప్పు. మనలను తిడితే తిట్టనీ. దాని కడుపును మాత్రం అది తిట్టుకోవద్దు. అత్త రాత అన్నదట గద, అత్తది రాత గాదని చెప్పు. వచ్చే వారం శనివారం బస్సుకు నేను వస్తున్న. వట్టి చేతులతోనే వస్తున్న.

ఇంకొక్కటి. పెత్రమాసకు నువ్వు అమ్మ పేరు మీద అన్నం పెడతవు గద. అప్పుడు అమ్మకు గీ ముచ్చట చెప్పకు. బతికున్నోళ్లకు అబద్ధం వద్దు, కని అమ్మ ఇప్పుడు తెలుసుకోని ఏం చేస్తది? ఎవలను పట్టుకోని ఏడుస్తది? నాకు రాసినట్టే అమ్మకు చెప్పు. నీ గడ్డతోనే లేచిన అని చెప్పు. సంతోషపడ్తది.

బాలమణి